రెండు తోకల చేప

శుక్రవారం పొద్దున మెహ్రెజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరలోపు ప్యాచ్ పంపెయ్యాలి. పదింటికి రేవు దగ్గర చేపల బజారుకు వెళ్ళి రెండు మంచి బూరీ చేపలు తేవాలి. మధ్యాహ్నం అత్తగారు గోధుమరవ్వతో వండే కుస్‌కుస్ కడుపారా తిని ఓ గంట నడుం వాల్చాలి. ఆ రేవు ఊరు మహదియాలో శుక్రవారం నాడు ఇంతకంటే పెద్ద కోరికలు ఎవరూ పెట్టుకోరు. పాపం, ఇతను పెట్టుకున్నవాటిలో చేపలు కొనడం తప్ప ఒక్కటీ సవ్యంగా జరగలేదు.

మెహ్రెజ్ చేసే పనేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌లో అన్నిటికంటే అడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది. దానికి ప్రోగ్రాములు రాస్తాడు. ఆ కెర్నెల్ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది రాస్తారు, ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దచ్చు. దిద్దిన ముక్కనే ప్యాచ్ అంటారు. దాన్ని అందరూ చదివే ఒక మెయిలింగ్ లిస్టుకు పంపాలి. అక్కడ తలా ఒక మాటా అంటారు. పడాలి. మళ్ళీ దిద్ది పంపాలి. కెర్నెల్‌ను వాటాలుగా పంచుకుని చూసుకుంటారు, చివరికి ఆ వాటాకు పెద్దగా ఉన్నాయన సరేనంటేనే అది లోపలికి వెళుతుంది. ఇదంతా అత్తగారు లల్లా మన్నూబియాకు ఒకసారి వివరించి చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే జీతమిచ్చేదెవరు?" అని అడిగింది. ఆ రోజు నుంచీ మళ్ళీ వివరించలేదు.

జీతమిచ్చేది ట్యూనిస్‌లో ఒక చిన్న కంపెనీ. ఏడాదిగా అతన్ని తాత్కాలికం కిందే ఉంచింది. మేనేజరు సీ తౌఫీక్ వారం కిందటే ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

"చూడు మెహ్రెజ్, ఈసారి కెర్నెల్ విడుదలలో నీ డ్రైవర్ ప్యాచ్ లోపలికెళ్ళిందా, సోమవారం నుంచి నువ్వు పర్మనెంటు. వెళ్ళలేదా, నేను పైవాళ్ళకి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. నీ దారి నువ్వు చూసుకో. అంతే."

విడుదలకు తలుపులు మూసేది ఆదివారం సాయంత్రం ఆరింటికి. మళ్ళీ తెరిచేది పది వారాల తర్వాత.

ఆ డ్రైవర్ ఎంబ్రాయిడరీ మిషనుది. కింది అంతస్తులో అత్తగారు పెళ్ళికూతుళ్ళ బట్టల మీద బంగారు దారంతో చేపలు, నక్షత్రాలు కుడుతుంది. నలభై ఏళ్ళు చేత్తో కుట్టి, కళ్ళు సహకరించక మూడేళ్ళ కిందట మిషను కొంది. ల్యాప్‌టాప్‌కు ఆ మిషను మాటలు అర్థమయ్యేలా డ్రైవర్ రాసింది అల్లుడే. అయితే అందులో ఒక తెగులుంది. మిషను కాసేపు ఖాళీగా ఉంటే, కరెంటు ఆదా అని కెర్నెల్ దాన్ని నిద్రపుచ్చుతుంది. మళ్ళీ లేపితే ఎక్కడ ఆగిందో దానికి గుర్తుండదు. మొదటినుంచీ మొదలెడుతుంది. దాంతో చేపకు రెండో తోక మొలుస్తుంది.

"అల్లుడూ, నీ మిషను నిద్రపోతోంది. లేచాక దానికి మతి ఉండట్లేదు," అని ఆవిడ ఆర్నెల్లుగా చెబుతూనే ఉంది. మెహ్రెజ్ ఆర్నెల్లుగా "చూస్తానత్తయ్యా" అంటూనే ఉన్నాడు. చివరికి ఉద్యోగం మీదికి వచ్చేసరికి చూశాడు. రెండే రెండు లైన్లు రాశాడు. ఈ మిషనును ఎప్పుడూ నిద్రపుచ్చవద్దని వాటి సారాంశం.

ఫార్మసీలో పనికి బయలుదేరుతూ భార్య ఎమ్నా భుజం మీంచి తొంగిచూసింది.

"అడుగున ఈ పేరెందుకు?"

"రాసింది నేను. లోపం కనిపెట్టి చెప్పినవాళ్ళ పేరు కూడా ఇక్కడ వెయ్యాలి. అది మా మర్యాద."

"మరి చెప్పింది మా అమ్మేగా! వెయ్యి. సంతోషిస్తుంది. నువ్వు మేడమీద ఏదో పని చేస్తావని ఇప్పటికైనా నమ్ముతుంది."

మెహ్రెజ్‌కు సబబుగానే తోచింది. ఆవిడ పేరూ, పెళ్ళివారు ఆర్డర్లు పంపడానికి తనే తెరిచిపెట్టిన ఈమెయిలూ అడుగున వేసి పంపేశాడు. ప్యాచ్‌లు పంపే పనిముట్టుకు ఒక అలవాటుంది. అడుగున ఎవరి పేరు కనబడితే వాళ్ళకు తనంతట తానే ఒక కాపీ పంపేస్తుంది. ఆ తర్వాత వచ్చే జవాబులన్నీ వాళ్ళకు కూడా చేరతాయి. ఈ సంగతి మెహ్రెజ్‌కు బాగా తెలుసు. కానీ అప్పుడతని మనసు చేపల మీద ఉంది.

అతను మెట్లు దిగి రేవు వైపు నడుస్తుండగా, కింద అత్తగారి ఫోను టింగుమంది.

ఆవిడ ఫోను ఏ భాషలో ఉత్తరం వచ్చినా తర్జుమా చేసి గట్టిగా చదివి వినిపిస్తుంది. అది కూడా అల్లుడు చేసిపెట్టిన ఏర్పాటే. మొదట వచ్చింది అల్లుడి ప్యాచ్. తన పేరు విని ఆవిడ మురిసిపోయింది. రెండోది ప్యాచ్‌లను తనంతట తానే తనిఖీ చేసే ఒక రోబో రాసింది, రెండో లైను చివర అనవసరమైన ఖాళీ ఉందని. మూడోది టొరంటో నుంచి ఎవరో, "పంపేముందు నియమాలు చదివే అలవాటు లేదా?" అని. నాలుగోది ఆ వాటాకు పెద్ద, బ్రనోలో ఉండే ఒతాకర్. ఆయన పేరు చెబితే లిస్టులో చెయ్యి తిరిగినవాళ్ళు కూడా జంకుతారు.

"ఇది మందు కాదు, పుండు కనబడకుండా కప్పిన గుడ్డ. మిషను ఎందుకు మరిచిపోతోందో కనుక్కోవడం బద్ధకమై నిద్రే వద్దంటున్నావు. తీసుకోను."

లల్లా మన్నూబియా కుస్‌కుస్ గిన్నె పొయ్యి మీంచి దించింది. యా లతీఫ్! ఇంటల్లుణ్ణి పట్టుకుని, అదీ శుక్రవారం పూట, ఊరూపేరూ తెలియనివాడు ఇంత మాటంటాడా? ఫోను మూతి దగ్గర పెట్టుకుని, నిలదీసే గొంతుతో జవాబు చెప్పింది. ఫోను దాన్ని ముచ్చటగా ఇంగ్లీషులోకి మార్చి అందరికీ పంపింది.

"ఒతాకర్ గారూ, మెహ్రెజ్ మా అల్లుడు. బద్ధకస్తుడే, నేను కాదనను. ఆర్నెల్లుగా చెబుతుంటే ఇవాళ్టికి కదిలాడు. కానీ వాణ్ణి తిట్టాల్సింది నేను. నీకెవరిచ్చారయ్యా ఆ హక్కు? నలుగురిలో ఇలాగేనా మాట్లాడేది? మీ అమ్మ వింటే ఏమనుకుంటుంది?"

ఒతాకర్ పెద్దరికం చేస్తున్న పదహారేళ్ళలో ఆయన్ను అలా అడిగినవాళ్ళు లేరు. పావుగంటకు ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

"క్షమించండమ్మా. ఇకమీదట మర్యాదగా మాట్లాడతాను. మిషను ఎంతసేపటికి నిద్రపోతోందో చెప్పగలరా?"

అడిగిందే చాలు. ఆవిడ చెప్పింది. టీ పోసుకుని మొదటి గుక్క తాగేటప్పుడు మిషను మీది పచ్చదీపం వెలుగుతూనే ఉంటుందని, మూడో గుక్కకు ఆరిపోతుందని, వేసవిలో టీ చల్లారడం ఆలస్యమవుతుంది కాబట్టి రెండో గుక్కకే ఆరుతుందని, పక్కింటి సాల్హా వచ్చి కూర్చుందంటే పూటకు నాలుగు చేపలు పాడవుతాయని, తోక ఎప్పుడూ ఎడమవైపే మొలుస్తుందని. ఒతాకర్ ఆనందానికి అంతులేదు. ఆయన దగ్గరికొచ్చే ఫిర్యాదులన్నీ "పనిచెయ్యట్లేదు" అనే ఒక్క ముక్కే. ఇలా గుక్కలు లెక్కపెట్టి చెప్పినవాళ్ళు ఏరీ? ఒసాకా నుంచి ఒకావిడ తన మిషనూ అంతేనని రాసింది. టొరంటో అతను సాల్హా ఎంతసేపు కూర్చుంటుందని అడిగాడు.

మెహ్రెజ్ చేపలతో ఇంటికొచ్చి మేడమీద కంప్యూటర్ తెరిచేసరికి నలభైమూడు ఉత్తరాలున్నాయి. మొదటిది చదివాడు. రెండోది చదివాడు. అత్తగారి పేరు దగ్గరికొచ్చేసరికి నెత్తి కొట్టుకున్నాడు. ఇంతలో సీ తౌఫీక్ ఫోను.

"ఎవరయ్యా ఈ మన్నూబియా?"

"అదీ... కొంచెం దగ్గర మనిషి సార్."

"ఒతాకర్‌ని వాళ్ళమ్మ పేరెత్తి కడిగేసింది! కంపెనీ పరువేం కావాలి? ఆవిడ ఆపకపోతే నీ ప్యాచ్ గంగలో కలిసినట్టే. ఏదో ఒకటి చెయ్!"

కంగారులో మనిషి ఏదో ఒకటి చేస్తే ఎలా ఉంటుందో మెహ్రెజ్ చేసి చూపించాడు. "దయచేసి ఆవిడ మాటలు పట్టించుకోకండి. ఆవిడ మా అత్తగారు. ఆవిడకు ఈ విషయాలేమీ తెలియవు," అని రాసి, అందరికీ జవాబు అనే మీట నొక్కాడు.

కింద టింగుమని వినబడింది.

కింద మిషను చప్పుడు ఆగింది. ఫోను ఆ ఉత్తరాన్ని గట్టిగా చదవడం, ఆవిడ రెండోసారి చదివించుకోవడం మెట్ల మీదుగా స్పష్టంగా వినబడ్డాయి. ఒంటిగంటకు కుస్‌కుస్ పైకి వచ్చింది. చేప రాలేదు. కిటికీలోంచి చూస్తే పెరట్లో పిల్లి తీరిగ్గా మూతి తుడుచుకుంటోంది.

శనివారం మెహ్రెజ్ పట్టుదలగా కూర్చున్నాడు. ఒతాకర్ కోరినట్టే రెండో కూర్పు రాశాడు. మిషను నిద్రపోనీ, కానీ సూది ఎక్కడుందో కెర్నెల్ గుర్తుపెట్టుకుని, లేచాక అక్కడికే పంపాలి. ఆలోచన బంగారం. కాకపోతే పరీక్షించాల్సిన మిషను కింద ఉంది. మిషను పక్కన అత్తగారున్నారు. కిందికి వెళ్ళే ధైర్యం లేక, పరీక్షించకుండానే పంపేశాడు. కాపీ వెళ్ళకుండా ముందుజాగ్రత్తగా ఆవిడ పేరు తీసేశాడు. తన తెలివికి తనే లోలోపల మెచ్చుకున్నాడు కూడా.

ఒతాకర్ జవాబు పది నిమిషాల్లో వచ్చింది.

"లోపం కనిపెట్టినావిడ పేరు ఎందుకు తీసేశావు? ఒకరి కష్టం మింగేసేవాళ్ళకు ఇక్కడ చోటు లేదు. ఆవిడను నేనే మళ్ళీ చేరుస్తున్నాను. అమ్మా, ఈ కూర్పు పనిచేస్తోందేమో చూసి చెబుతారా?"

టింగు.

సాయంత్రం ఫార్మసీ నుంచి వచ్చిన ఎమ్నా పైకి రాకుండా కిందే ఆగిపోయింది. గంట తర్వాత వచ్చింది.

"నీ ప్యాచ్ అమ్మ ల్యాప్‌టాప్‌లో నేనే వేసిచ్చాను," అంది.

"నువ్వా? నన్నడక్కుండానా?"

"నువ్వు మా అమ్మ పేరు నన్నడిగే తీశావా?"

మెహ్రెజ్ తెర వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే తెరమీద అత్తగారి ఉత్తరం ప్రత్యక్షమైంది.

"పరీక్షించాను. నిన్నటిదాకా తోకలు పక్కపక్కన ఉండేవి. ఇప్పుడు తోక చేప నెత్తిమీద మొలిచింది. అందరూ చదువుకున్నవాళ్ళు, నాకా ఏమీ తెలియదు. కానీ ఉత్తరంలో అల్లుడు రాసినట్టు నిద్రపోయాక 'ఎక్కడున్నావు' అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? టీకి లేచేముందే నేను ఆగినచోట గుండుసూది గుచ్చి లేస్తాను. నలభై ఏళ్ళుగా అంతే."

మెహ్రెజ్ తన ప్రోగ్రాము మళ్ళీ చదువుకున్నాడు. నిజమే! ముందు మిషనును నిద్రపుచ్చి, ఆ తర్వాత సూది ఎక్కడుందని అడిగాడు. నిద్రలో ఉన్న మిషను నోటికొచ్చింది చెప్పింది. వరస తిరగేస్తే చాలు. ఆరు లైన్ల పని. గుండుసూదంత మాట, ఆర్నెల్లుగా కింది అంతస్తులోనే ఉంది. తను ఒక్కరోజు కూడా కూర్చుని వినలేదు. మెహ్రెజ్‌కు నిజంగానే సిగ్గేసింది.

ఒతాకర్ తీర్పు చెప్పాడు.

"అసలు సంగతి ఆవిడ పట్టుకుంది. మెహ్రెజ్, అలాగే రాయి. సూచించింది ఆవిడేనని కూడా వెయ్యి. ఆవిడ పరీక్షించి బాగుందంటే రేపు ఆరులోపు తీసుకుంటాను. ఆవిడ మాట లేకపోతే పది వారాల తర్వాత చూద్దాం."

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మెహ్రెజ్ మెట్లు దిగాడు. అత్తగారు బాదంపలుకులు వేసిన టీ తాగుతోంది. మిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"అత్తయ్యా, మూడో కూర్పు లిస్టుకు పంపాను. మీరన్నట్టే రాశాను. ఒక్కసారి చూసి..."

"నాకేం తెలుసు నాయనా? నాకు ఈ విషయాలేమీ తెలియవుగా."

"తప్పయిపోయింది అత్తయ్యా. కంగారులో రాసేశాను."

"ఇక్కడ నాలుగ్గోడల మధ్య చెబుతున్నావు. అన్నది మాత్రం అక్కడ, అందరి ముందూనూ. ఆ జపానావిడ చదివింది. చెప్పేది కూడా అక్కడే చెప్పు."

మెహ్రెజ్ గిలగిలలాడాడు. "అత్తయ్యా, ఆ లిస్టులో రాసింది ఎవరూ చెరపలేరు. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఎవరు వెతికినా కనబడుతుంది!"

"నువ్వు నన్నన్నదీ అంతేగా?" అంది ఆవిడ నెమ్మదిగా. "రేపెప్పుడో నా మనవరాళ్ళు వెతుక్కుంటే వాళ్ళ అమ్మమ్మకు ఏమీ తెలియదని కనబడుతుంది. నలభై ఏళ్ళు కుట్టానురా నేను."

ఆవిడ కళ్ళు తడవడం మెహ్రెజ్ ఎప్పుడూ చూడలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుని, ఫోను తీసి క్షమాపణ రాశాడు. పంపాడు. ఆవిడ చదివించుకుంది.

"ఇందులో 'ఒకవేళ బాధ కలిగి ఉంటే' అన్నావు. ఒకవేళ ఏమిటి?"

లిస్టులో టొరంటో అతనూ అదే అడిగాడు. ఒసాకా ఆవిడ రెండో పేరా అనవసరమంది. రోబో మూడో లైను మరీ పొడుగైందని చెప్పింది. క్షమాపణ రెండో కూర్పు పంపేసరికి అయిదయింది. "కింది అంతస్తు నుంచి మా అత్తగారు ఆర్నెల్లుగా నిజం చెబుతుంటే నేను వినలేదు. తెలియనిది ఆవిడకు కాదు, నాకు. మెహ్రెజ్," అని మాత్రమే ఉంది అందులో. ఒతాకర్ "ఇది బాగుంది" అని రాశాడు. మెహ్రెజ్ రాసినదాన్ని ఒతాకర్ బాగుందనడం అదే మొదటిసారి.

ఆవిడ లేచి దుప్పటి తీసింది. మెహ్రెజ్ మూడో కూర్పు ల్యాప్‌టాప్‌లో వేశాడు. ఆవిడ బంగారు దారం ఎక్కించింది. చేప సగం అయ్యాక మిషను ఆపి, టీ పొయ్యి మీద పెట్టింది.

"ఉన్న టీ తాగెయ్యచ్చుగా అత్తయ్యా? అయిదున్నరైంది!"

"చల్లారిన టీతో పరీక్ష ఏంటి? లెక్క తప్పదూ? ఎమ్నా, సాల్హాను కూడా కేకెయ్యి."

సాల్హా వచ్చింది. చెల్లెలి కూతురి నిశ్చితార్థం కబురు తెచ్చింది, దాన్ని మొదటినుంచీ చెప్పింది. మెహ్రెజ్ ఒక కన్ను గోడ గడియారం మీద, ఒక కన్ను పచ్చదీపం మీద పెట్టి కూర్చున్నాడు. మొదటి గుక్క. రెండో గుక్క. మూడో గుక్కకు దీపం ఆరింది. ఆవిడ నాలుగోది కూడా తాగింది. అయిదూ నలభైఎనిమిది.

అప్పుడు వెళ్ళి మీట నొక్కింది. మిషను మేలుకుంది. సూది ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, తిన్నగా ఆగినచోటికే నడిచి, పొట్ట దగ్గర్నుంచి కుట్టుకుంటూ పోయింది. తోక వచ్చింది. ఇంకో తోక రాలేదు. మెహ్రెజ్ కేక వెయ్యబోతే ఆవిడ వేలు చూపించి ఆపింది. కళ్ళద్దాలు పెట్టుకుని గుడ్డను వెలుతురులో పట్టి చూసింది. తిరగేసి అడుగు కుట్టు చూసింది. గోరుతో గీకింది.

"అత్తయ్యా, అయిదూ యాభైఅయిదు!"

"చూడనియ్యవయ్యా! చూడకుండా బాగుందని ఎలా చెప్పను?"

అయిదూ యాభైఏడుకు ఫోను మూతి దగ్గర పెట్టుకుంది. "పరీక్షించాను. తోక ఒక్కటే. మన్నూబియా." అయిదూ యాభైతొమ్మిదికి ఒతాకర్ నుంచి ఒకే మాట వచ్చింది. "తీసుకున్నాను."

మెహ్రెజ్ అత్తగారి చేతులు కళ్ళకద్దుకున్నాడు. ఆవిడ విదిలించుకుంది కానీ, మరీ గట్టిగా కాదు. ఆ సాయంత్రం ఆవిడ చేప వేయించింది. ఈసారి పిల్లికి ముల్లు మాత్రమే దక్కింది.

సోమవారం పొద్దున సీ తౌఫీక్ స్వయంగా ఫోను చేశాడు.

"కంగ్రాట్స్! నువ్వు పర్మనెంటు. పైవాళ్ళు నీ డ్రైవర్ చూసి ముచ్చటపడ్డారు. ఇకనుంచి నీకు వేరే పనేమీ లేదు, అదొక్కటే చూసుకో. అన్నట్టు, ఒతాకర్ పొద్దున పెట్టింది చూశావా?"

మెహ్రెజ్ చూశాడు. కెర్నెల్‌లో ఏ వాటాకు ఎవరు పెద్దో రాసిపెట్టే జాబితా ఒకటుంటుంది. అందులో ఎంబ్రాయిడరీ మిషను డ్రైవర్ ఎదురుగా ఒతాకర్ కొత్త లైను చేర్చాడు. పరిశీలకురాలు లల్లా మన్నూబియా, మహదియా. ఆవిడ సరేననకుండా ఇందులో ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదని దాని అర్థం. కింద ఫోను ఆ లైనును గట్టిగా చదువుతోంది. ఆవిడ రెండోసారి చదివించుకుంది. మూడోసారి సాల్హాను పిలిచి వినిపించింది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మెహ్రెజ్ అప్పటినుంచీ పంపిన మూడు ప్యాచ్‌లూ ఇంకా అత్తగారి పరిశీలనలోనే ఉన్నాయి.